ఎకానమీ, బ్యాంకింగ్ జీకే బట్టీ పట్టకుండా ఎలా నేర్చుకోవాలి? హైదరాబాద్‌లో చదువుకునేవాళ్ల కోసం

ఒక సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతున్నాను. పక్కనే ఒక కుర్రాడు కళ్లు మూసుకుని బిట్లు అప్పజెప్పుకుంటున్నాడు. "ఆర్‌బీఐ స్థాపన 1935 ఏప్రిల్ 1. జాతీయం 1949 జనవరి 1. నాబార్డు 1982 జులై 12..." ఒక్క తేదీ తప్పు పోలేదు. టీ డబ్బులు ఇవ్వడానికి జేబులోంచి పది రూపాయల నాణెం తీశాడు. "తమ్ముడూ, ఈ నాణెం ఎవరు తయారు చేస్తారు?" అని అడిగాను. "ఆర్‌బీఐ అన్నా" అన్నాడు, ఆలోచించకుండానే.

నాణేలు తయారు చేయించేది కేంద్ర ప్రభుత్వం. అతని చేతిలోని నాణెం మీద, సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంది. అంటే అది మన హైదరాబాద్ టంకశాలలో పుట్టిన నాణెం. రెండు వందల తేదీలు నోటికి వచ్చిన మనిషికి జేబులో ఉన్నదాని సంగతి ఎవరూ చెప్పలేదు. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

అందుకే ఇది రాస్తున్నాను. గ్రూప్-2లో ఎకానమీ పేపరుకు చదువుతున్నా, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా, పరీక్షలేమీ లేకుండా పేపర్లో బిజినెస్ పేజీ అర్థమైతే చాలనుకున్నా, కింద చెప్పిన వరుసలో వెళ్లండి. రోజుకు గంట చొప్పున రెండు వారాలు పడుతుంది. ఒక నోట్‌బుక్ కొనండి. బిట్ బ్యాంకు పుస్తకాలను ఈ రెండు వారాలూ పక్కన పెట్టండి. వాటితో పని తర్వాత ఉంటుంది.

మొదటి అడుగు: జేబు ఖాళీ చేయండి

ఇంట్లో ఉన్న చిల్లరంతా బల్ల మీద పోయండి. ప్రతి నాణెం మీద సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. దేశంలో టంకశాలలు ఈ నాలుగే. మనది 1903 నుంచి సైఫాబాద్‌లో ఉండేది. 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్‌లోని పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. వీలైతే ఒకసారి వెళ్లి రండి. నిజాం రాజ్యానికి సొంత డబ్బు ఉండేదన్న మాట పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మర్చిపోతాం. నిజాం కాలపు రూపాయి హాలీ సిక్కాను కళ్లతో చూస్తే మర్చిపోలేం.

ఇప్పుడు నోట్లు తీయండి. పది, ఇరవై, యాభై, ఏది తీసినా ముందు వైపు ఆర్‌బీఐ గవర్నర్ సంతకం, దాని పైన 'ఇన్ని రూపాయలు చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను' అన్న వాక్యం ఉంటాయి. నోటు అనేది రిజర్వు బ్యాంకు మీకు రాసిచ్చిన హామీ పత్రం. రిజర్వు బ్యాంకు లెక్కల్లో అది ఆ బ్యాంకు తీర్చాల్సిన బాకీ. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఒక రూపాయి నోటు దాచి ఉంటే తీసి చూడండి. దాని మీద ఆ హామీ ఉండదు, గవర్నర్ సంతకమూ ఉండదు. కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ఎందుకంటే రూపాయి నోటూ, అన్ని నాణేలూ ప్రభుత్వానివి. వాటిని జనంలోకి పంపిణీ చేసే పని మాత్రం రిజర్వు బ్యాంకుది. ఈ ఒక్క తేడా అర్థమైతే పరీక్షల్లో నాలుగైదు రకాలుగా తిప్పి అడిగే ప్రశ్నకు ఎటు నుంచి అడిగినా జవాబు చెప్పగలరు.

నోటు వెనక వైపు ఎడమ పక్కన 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. ముందు వైపు హిందీ, ఇంగ్లిష్ కలుపుకుంటే మొత్తం 17. మన తెలుగు కింది నుంచి రెండోది, ఉర్దూకు సరిగ్గా పైన. ఆ భాషల వరుస ఇంగ్లిష్ అక్షర క్రమం ప్రకారం ఉంటుంది కాబట్టి, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇక్కడే ఇంకో మాట. మన ఊళ్లో చాలా దుకాణాల్లో, ఆటోల్లో పది రూపాయల నాణెం 'చెల్లదు' అంటారు. అది చెల్లుతుంది. అప్పటిదాకా విడుదలైన 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఎవరైనా వద్దంటే గొడవ పడకుండా ఈ విషయం చెప్పండి. ఒకరికి వివరించిన విషయం మీరు ఇంకెప్పుడూ మర్చిపోరు.

రెండో అడుగు: పాస్‌బుక్ మొదటి పేజీ చదవండి

మనం పాస్‌బుక్‌లో చివరి పేజీ, బ్యాలెన్సు మాత్రమే చూస్తాం. మొదటి పేజీ చూడండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపేటప్పుడు అడిగే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగు బ్యాంకు పేరు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచి. చెక్కుల మీద ఉండే ఎంఐసీఆర్ కోడ్‌లో 9 అంకెలు ఉంటాయి. మొదటి మూడు ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. హైదరాబాద్ బ్రాంచి అయితే అది 500తో మొదలవుతుంది. మన పిన్‌కోడ్ మొదటి మూడు అంకెలూ అవే.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల పాత పాస్‌బుక్‌లు అడగండి. అందులో బ్యాంకుల చరిత్ర మొత్తం దొరుకుతుంది. ఇప్పటికీ మన పెద్దవాళ్లు "ఎస్‌బీహెచ్‌లో ఖాతా ఉంది" అంటారు. ఆ బ్యాంకు 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టింది. నిజాం రాజ్యపు కరెన్సీ వ్యవహారాలు చూసింది. 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకుది ఇంకో కథ. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో మొదలుపెట్టారు. 1980 ఏప్రిల్‌లో జాతీయం అయిన ఆరు బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఈ రెండు పాస్‌బుక్‌ల చుట్టూ మిగతా తేదీలు అల్లుకోండి. 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు ఎస్‌బీఐగా మారింది. 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు. విలీనాలన్నీ అయ్యాక 2020 నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులు 12 మిగిలాయి. ఆరు తేదీలు విడివిడిగా చదివేకంటే, తాతగారి ఖాతా ఏ ఏ పేర్లు మార్చుకుంటూ వచ్చిందో ఒక గీత గీసుకుని చూస్తే మనసులో నిలిచిపోతాయి.

ఇక ముఖ్యమైన విషయం. మీరు బ్యాంకులో వేసిన డబ్బు మీకు ఆస్తి, బ్యాంకుకు అప్పు. మీరు తీసుకున్న లోన్ మీకు అప్పు, బ్యాంకుకు ఆస్తి. ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఒక రోజంతా దీని మీదే ఆలోచించినా నష్టం లేదు, ఎందుకంటే 'మొండి బకాయి' అనే మాట ఇక్కడి నుంచే వస్తుంది. లోన్ బ్యాంకుకు ఆస్తి కదా, దాని మీద అసలో వడ్డీయో 90 రోజులు దాటినా రాకపోతే అది నిరర్థక ఆస్తి అవుతుంది. పేపర్లో ఎన్‌పీఏ అని కనిపించేది అదే.

మూడో అడుగు: మీ వంద రూపాయలు ఎటు వెళ్లాయో గీసుకోండి

నోట్‌బుక్‌లో ఒక పేజీ పూర్తిగా దీనికి ఇవ్వండి. మధ్యలో 'నేను బ్యాంకులో వేసిన 100 రూపాయలు' అని రాయండి. దాని నుంచి మూడు బాణాలు గీయండి.

మొదటి బాణం రిజర్వు బ్యాంకు వైపు. ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాలి. దాని మీద వడ్డీ రాదు. అదే సీఆర్ఆర్. 2025లో నాలుగు విడతలుగా తగ్గించి, నవంబరు 29 నుంచి 3 శాతం చేశారు. రెండో బాణం ఎస్ఎల్ఆర్. బ్యాంకు తన దగ్గరే బంగారం, నగదు, ఎక్కువగా ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉంచుకోవాల్సిన భాగం, 18 శాతం. అంటే మీ వందలో 18 రూపాయలు చాలావరకు ప్రభుత్వానికి అప్పుగా వెళ్లాయి. మూడో బాణం మిగిలిన 79 రూపాయలు. లోన్లు వీటిలోంచే ఇస్తారు. ఇచ్చే లోన్లలో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల్లాంటి ప్రాధాన్య రంగాలకు వెళ్లాలి, ఆ 40లో భాగంగా మొత్తం లోన్లలో 18 శాతం వ్యవసాయానికి వెళ్లాలన్న నియమం ఉంది. లెక్క అసలు పద్ధతిలో దీనికంటే కాస్త చిక్కుగా ఉంటుంది కానీ మొదట అర్థం చేసుకోవడానికి ఈ బొమ్మ చాలు.

ఇప్పుడు రెపో రేటు. బ్యాంకులకు స్వల్పకాలానికి డబ్బు కావాల్సి వస్తే ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటాయి. ఆ అప్పు మీద వడ్డీ రెపో రేటు. దీన్ని నిర్ణయించేది ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ. ముగ్గురు రిజర్వు బ్యాంకు వాళ్లు, ముగ్గురు ప్రభుత్వం నియమించినవాళ్లు. ఓట్లు సమానమైతే గవర్నర్ ఇంకో ఓటు వేస్తారు.

ఇది మన ఇంటికి ఎలా తగులుతుందో చూడండి. మియాపూర్‌లో ఒక కుటుంబం ఫ్లాటు కోసం 50 లక్షల లోన్, 20 ఏళ్లకు, 8.50 శాతం వడ్డీకి తీసుకుందనుకోండి. నెల కిస్తీ సుమారు 43,400 రూపాయలు. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు మధ్య రెపో రేటు 6.50 నుంచి 5.25కి దిగింది, అంటే 1.25 శాతం. ఆ తగ్గింపు మొత్తం వీళ్లకు అందితే వడ్డీ 7.25 అవుతుంది, కిస్తీ సుమారు 39,500కి వస్తుంది. నెలకు దాదాపు 3,900 మిగులు. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి కాబట్టే ఈ మార్పు ఇంటిదాకా వస్తుంది. చాలాసార్లు బ్యాంకు కిస్తీ మార్చకుండా నెలల సంఖ్య తగ్గిస్తుంది. మీ ఇంట్లో లోన్ ఉంటే నాన్నగారిని అడిగి స్టేట్‌మెంట్ చూడండి. ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

ఆ పేజీ అడుగున ఇంకొక్క విషయం రాసుకోండి. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా కింద ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు, అసలు వడ్డీ కలిపి 5 లక్షల దాకా వస్తుంది. ఈ అంకె 2020 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు లక్ష. ఒక పరీక్షలో నేను లక్ష అనే పెట్టి వచ్చాను, అప్పటికే అది మారి ఏడాది దాటింది. నేను కొన్న మెటీరియల్‌లో పాత అంకెనే అచ్చు వేసి అమ్మారు. ఎన్ని నెలల కష్టం అది! ఆ రోజు నుంచి నేను ఏ అంకె రాసుకున్నా పక్కన 'ఎప్పటి నుంచి' అని తేదీ రాస్తాను. మీరూ అలాగే చేయండి. తేదీ లేని అంకెను నమ్మొద్దు.

నాలుగో అడుగు: బిల్లులు పారేయకండి

వారం రోజులు టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, సూపర్ మార్కెట్ బిల్లులు దాచండి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్ నంబరు. హైదరాబాద్‌లో కొన్నప్పుడు పన్ను రెండు సగాలుగా కనిపిస్తుంది: సీజీఎస్టీ కేంద్రానికి, ఎస్‌జీఎస్టీ రాష్ట్రానికి. వేరే రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో వస్తువు తెప్పించుకుంటే ఐజీఎస్టీ అని ఒకే ముక్క ఉంటుంది. పెట్రోల్ బంకు బిల్లులో ఇవేవీ ఉండవు. పెట్రోల్, డీజిల్, మద్యం ఇంకా జీఎస్టీలోకి రాలేదు. జీఎస్టీ మొదలైంది 2017 జులై 1న. 2025 సెప్టెంబరు 22 నుంచి ముఖ్యమైన రేట్లు 5, 18గా సర్దారు, కొన్ని వస్తువులకు 40 ఉంది. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి పాత రేట్లయిన 12, 28 ఎక్కడికి పోయాయో చూడండి.

కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో మనకు ఎంత తిరిగి వస్తుంది అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దాన్ని తేల్చేది రాజ్యాంగం 280వ అధికరణం కింద ఏర్పడే ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం 2021-26కి రాష్ట్రాలన్నింటికీ కలిపి 41 శాతం ఇమ్మంది. అందులో తెలంగాణ వాటా 2.102 శాతం. లెక్క మీరే వేయండి: ఆ ఐదేళ్లకు, పంచాల్సిన ప్రతి వంద రూపాయల్లో మన వాటా సుమారు 86 పైసలు. కేంద్రం పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. అసెంబ్లీలో, పేపర్లలో జరిగే సగం వాదనలకు మూలం ఈ రెండు వాక్యాలే.

ఐదో అడుగు: రైతుబజార్‌లో ధరలు రాయండి

ద్రవ్యోల్బణం మీద మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. 'ద్రవ్యోల్బణం తగ్గింది' అని పేపర్లో వస్తే 'ధరలు తగ్గాయి' అనుకుంటారు. మెహదీపట్నం రైతుబజార్‌లో కూరగాయలు కొనే అమ్మలు అది చదివి, పేపర్లు అబద్ధాలు రాస్తున్నాయని కోప్పడతారు. వాళ్ల కోపంలో అర్థం ఉంది, ఎందుకంటే ఎవరూ వాళ్లకు సరిగ్గా చెప్పలేదు.

ఒక లెక్క చూడండి. గత సంవత్సరం నెల సరుకులకు 1,000 అయ్యేది. ఈ సంవత్సరం అవే సరుకులకు 1,060. ద్రవ్యోల్బణం 6 శాతం. వచ్చే సంవత్సరం 1,081 అయితే అది 2 శాతం. ఆరు నుంచి రెండుకు 'తగ్గింది'. కానీ అమ్మ చేతిలోంచి 21 రూపాయలు ఎక్కువే పోయాయి. తగ్గింది ధరలు పెరిగే వేగం. మెట్రో మియాపూర్ స్టేషన్ దగ్గరకు వచ్చేసరికి వేగం తగ్గిస్తుంది, అయినా ముందుకే కదులుతుంటుంది కదా, అలాగ. ధరలే నిజంగా కిందికి దిగితే దాన్ని ప్రతి ద్రవ్యోల్బణం అంటారు, అది వేరే సంగతి.

చేయాల్సిన పని ఇది. మీకు దగ్గర్లోని రైతుబజార్‌కో, సంతకో వారానికి ఒకసారి, ఒకే రోజు వెళ్లండి. టమాట, ఉల్లి, బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, ఈ ఆరింటి ధరలు రాయండి. అక్కడ బోర్డు మీద ధరలు రాసి ఉంటాయి, ఎవరినీ అడగాల్సిన పని కూడా లేదు. ఈ ఒక్క పని మాత్రం రెండు వారాల తర్వాత కూడా ఆపకండి. నాలుగు వారాలు రాసేసరికి టమాట ఎలా ఎగిరిపడుతుందో, బియ్యం ఎలా నిలకడగా ఉంటుందో మీకే తెలుస్తుంది. అప్పుడు 'ఆహారం, ఇంధనం తీసేసి చూసే మూల ద్రవ్యోల్బణం' ఎందుకు అవసరమైందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వీలైతే ఒక తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌లో టోకు ధర కూడా కనుక్కోండి. అదే టమాటకు అక్కడ ఒక ధర, మీ వీధిలో తోపుడు బండి మీద ఇంకో ధర. టోకు ధరల సూచీ, వినియోగదారుల ధరల సూచీ వేరువేరుగా ఎందుకున్నాయో ఆ తేడాలో కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు చూసేది వినియోగదారుల సూచీని. లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ రెండు శాతం వరకు సర్దుబాటు. ధరలు ఎక్కువగా పెరుగుతుంటే రెపో పెంచుతారు, లోన్లు ప్రియమవుతాయి, కొనుగోళ్లు తగ్గుతాయి. మూడో అడుగులోని మియాపూర్ కిస్తీకి, రైతుబజార్ టమాటకు సంబంధం ఇక్కడ కలుస్తుంది. నోట్‌బుక్‌లో ఆ రెండు పేజీల మధ్య ఒక గీత గీయండి.

ఆరో అడుగు: ఒక ఆదివారం బస్ పాస్ తీసుకోండి

పరిశ్రమల జీకేకి హైదరాబాద్‌ను మించిన పుస్తకం లేదని నా గట్టి నమ్మకం. మన బస్టాపుల పేర్లే చూడండి: బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, ఆల్విన్ కాలనీ. రోజూ కండక్టర్ నోట వినే ఈ పేర్లు ఒకప్పుడు ఈ నగరానికి అన్నం పెట్టిన కంపెనీలవి. వాటిలో కొన్ని ఇంకా నడుస్తున్నాయి, కొన్నింటికి పేరు మాత్రమే మిగిలింది.

బాలానగర్ నుంచి మొదలుపెట్టండి. ఐడీపీఎల్, 1961లో సోవియట్ సాయంతో కేంద్రం పెట్టిన మందుల సంస్థ. మందులు విదేశాల నుంచి తెచ్చుకునే రోజుల్లో, మూల ఔషధాలు ఇక్కడే తయారు చేయాలని పెట్టారు. 1956 పారిశ్రామిక విధానం, రెండో పంచవర్ష ప్రణాళిక, భారీ పరిశ్రమలు ప్రభుత్వమే పెట్టాలన్న ఆలోచన, వీటన్నింటికీ కనిపించే రుజువు ఆ ప్రాంగణం. అక్కడ పనిచేసినవాళ్లలో కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన తర్వాత సొంతంగా పరిశ్రమలు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. ప్రభుత్వ సంస్థలో పని నేర్చుకున్న మనుషులు బయటికొచ్చి ప్రైవేటు మందుల పరిశ్రమను నిలబెట్టారు. ఇప్పుడు శామీర్‌పేట వైపు మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉండటం వెనక ఆ పునాది ఉంది. ఐడీపీఎల్ మూతపడింది కాబట్టి అది వృథా అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. నేను ఒప్పుకోను.

అక్కడి నుంచి ఎటు వెళ్లినా ప్రతి సంస్థకూ ఒకటే ప్రశ్న వేయండి: యజమాని ఎవరు? విద్యుత్ యంత్రాలు చేసే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కేంద్ర భారీ పరిశ్రమల శాఖది. ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్, దాని దగ్గర్లో అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ అణుశక్తి విభాగానివి. కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధానీ రక్షణ శాఖవి. మాసబ్ ట్యాంక్‌లో ఎన్ఎండీసీ ఉక్కు శాఖది, దేశానికి ఇనుప ఖనిజం తవ్వి ఇచ్చే సంస్థకు కేంద్ర కార్యాలయం మన నగరంలోనే ఉంది. సింగరేణి గనులు ఇక్కడ లేకపోయినా ఆ లెక్క తెలుసుకోండి: రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. 51 అనే అంకె ఎందుకు ముఖ్యమో ఇక్కడ పట్టుకోండి. ప్రభుత్వం కొన్ని వాటాలు అమ్మి 51 శాతం, ఆపైన దగ్గర ఉంచుకుంటే అది పెట్టుబడుల ఉపసంహరణ, సంస్థ ప్రభుత్వానిదే. అదుపు కూడా వదిలేస్తే ప్రైవేటీకరణ.

జీడిమెట్ల, చర్లపల్లి వీధుల్లో లేత్ మిషన్లు తిరిగే చిన్న షెడ్లు చూడండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) నిర్వచనం 2025 ఏప్రిల్ 1 నుంచి మారింది. యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ. 25 కోట్లు, 100 కోట్లు చిన్న. 125 కోట్లు, 500 కోట్లు మధ్యతరహా. రెండు షరతులూ నెరవేరాలి.

సాయంత్రానికి మాదాపూర్ చేరండి. ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. దాని వెనక 1991 ఉంది. ప్రధాని పీవీ నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. ఆ ఏడాది జులై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది, చాలా పరిశ్రమలకు లైసెన్సుల అవసరం పోయింది. పొద్దున బాలానగర్‌లో 1956 విధానం చూశారు, సాయంత్రం మాదాపూర్‌లో 1991 చూశారు. ప్రాథమిక (సాగు లాంటివి), ద్వితీయ (తయారీ), తృతీయ (సేవలు) రంగాల్లో మొదటిది మాత్రం ఈ ప్రయాణంలో సరిగ్గా దొరకదు. దానికి మీ సొంతూరు ఉంది. గనులు ప్రాథమిక రంగంలోకి వస్తాయని, పారిశ్రామిక ఉత్పత్తి సూచీలో మాత్రం తయారీ, విద్యుత్తుతో పాటు గనులనూ లెక్కిస్తారని ఆ పేజీలోనే రాసుకోండి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

ఏడో అడుగు: ఎవరి మీద ఎవరు నిఘా పెడతారు

ఇది చిన్న పని. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు, షేర్ మార్కెట్‌కు సెబీ, బీమాకు ఐఆర్‌డీఏఐ. వీటిలో బీమా నిఘా సంస్థ కేంద్ర కార్యాలయం మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. మాసబ్ ట్యాంక్‌లో ఐడీఆర్‌బీటీ ఉంది, బ్యాంకింగ్ టెక్నాలజీ కోసం 1996లో రిజర్వు బ్యాంకు పెట్టిన సంస్థ. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ప్రాంతీయ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి నడిచి వెళ్లేంత దూరం. రోజూ దాని ముందు నుంచి వెళ్తూ '1982 జులై 12' అని అప్పజెప్పుకునేవాళ్లు ఎందరో.

బ్యాంకు మీద ఫిర్యాదు ఎలా చేయాలో కూడా నేర్చుకోండి, ఇది పరీక్షకే కాదు, బతుక్కీ అవసరం. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు బిట్లు తీయండి

రెండు వారాలు అయ్యాయి. నోట్‌బుక్‌లో ప్రతి పేజీ అంచున రెండు గడులు గీయండి. ఒకటి 'మారనివి', రెండోది 'మారేవి'. 1935, 1969, 1991 మొదటి గడిలోకి. రెపో, సీఆర్ఆర్, బీమా పరిమితి, ఎంఎస్ఎంఈ నిర్వచనం రెండో గడిలోకి, తేదీతో సహా. పరీక్షకు ముందు రోజు రెండో గడి మాత్రమే రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌తోనో, పేపర్‌తోనో సరిచూసుకోండి. మొదటి గడి గురించి టెన్షన్ అవసరం లేదు. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వస్తుంది, దానికి ముందు ఆర్థిక సర్వే. రాష్ట్ర బడ్జెట్ సమయంలో తెలంగాణ ప్రభుత్వం సామాజిక ఆర్థిక చిత్రం పేరుతో పుస్తకం విడుదల చేస్తుంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. గ్రూప్-2 రాసేవాళ్లు డబ్బు పెట్టి కొనే చాలా మెటీరియల్ దాన్నుంచి తీసిందే. నేరుగా అదే చదవండి.

ఇక బిట్ బ్యాంకు తెరిచి రోజుకు యాభై ప్రశ్నలు చేయండి. జవాబు తప్పయితే సరైన జవాబు రాసుకుని వదిలేయకండి. అది నోట్‌బుక్‌లో ఏ పేజీకి చెందుతుందో వెతికి అక్కడ రాయండి. ఏ పేజీకీ చెందకపోతే కొత్త పేజీ తెరవండి.

రెండు వారాలు అయ్యాక వచ్చే ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, పుస్తకం చూడకుండా మూడు విషయాలు చెప్పండి: పది రూపాయల నాణెం ఎందుకు చెల్లుతుందో, లోన్ కిస్తీ ఎందుకు మారిందో, ధరలు తగ్గకుండా ద్రవ్యోల్బణం ఎలా తగ్గుతుందో. మధ్యలో అమ్మ ఏదో ఒకటి అడుగుతుంది, బంగారం ధర గురించో, డ్వాక్రా లోన్ గురించో. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తర్వాతి పేజీ పైన ఆ ప్రశ్న రాసుకుని, సోమవారం లైబ్రరీలో ఆ ప్రశ్న నుంచే మొదలుపెట్టండి.